చెలగాటం ఎవరిది?

ఎలుక చావుకు కూడా ధర్మమీమాంస అవసరమా అని కొందరు నవ్వవచ్చు. కాని కువైట్‌లో కాపురముంటున్న మనకు ఈ ప్రశ్న అంత దూరమైనదేమీ కాదు. అల్ రాయ్‌లోని శుక్రవారం సంతలో పిల్లులు, పక్షులతో పాటు పాములు, బల్లులు కూడా అమ్మకానికి వస్తాయి. అవి చూసిన పిల్లలు మనకూ ఒకటి కావాలని మారాం చేస్తారు. ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ సాధువైన పాము. సామాన్యంగా మనిషి జోలికి రాదు. అయితే అది మనం పెట్టే అన్నం తినదు. దానికి ఎలుక కావాలి.

ఒక చిన్న లెక్క వేద్దాం. పెరిగిన పాముకు రెండు వారాలకు ఒక ఎలుక చొప్పున ఏడాదికి 26. చక్కగా చూసుకుంటే ఆ పాము 20 ఏళ్ళు బ్రతుకుతుంది. అంటే 520 ప్రాణాలు.

అడవిలో పాము ఎలుకను తింటే ఎవరూ తప్పు పట్టరు. అక్కడ ఎలుకకు పరుగెత్తే చోటుంది, దూరేందుకు కలుగుంది. అద్దాల పెట్టెలో కలుగు లేదు. దానిని లేకుండా చేసింది పాము కాదు, మనం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నారు పెద్దలు. ఇక్కడ పాముది ఆకలి మాత్రమే, చెలగాటం మనది. కనుక చంపింది పామే కదా అని చేతులు దులుపుకోవడం కుదరదు.

పైగా ప్రాణంతో వేసిన ఎలుక తిరగబడి పామునే కొరకవచ్చు. చాలా పెంపుడు పాములు చంపి ఇచ్చిన ఎలుకకు అలవాటు పడతాయి. మరి చంపేదెలా? ఊళ్ళో బోనును బక్కెట్టు నీళ్ళలో ముంచినట్లు ముంచరాదు. స్పృహలో ఉన్న ఎలుకను ఫ్రీజరులో పెట్టరాదు. చల్లగా నిద్రపోతుందనుకోవడం మనకు మనం చెప్పుకునే ఓదార్పే. అమెరికా పశువైద్యుల సంఘం 2020లో వెలువరించిన మార్గదర్శక సూత్రాల ప్రకారం, సిలిండరు నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను నిమిషానికి పెట్టె ఘనపరిమాణంలో 30 నుంచి 70 శాతం చొప్పున వదలాలి. ముందే వాయువు నింపిన పెట్టెలో పడేస్తే, స్పృహ తప్పేలోగానే ముక్కూ కళ్ళూ మండిపోతాయి. అప్పుడే పుట్టిన కూనలకు మరింత ఎక్కువసేపు పడుతుంది. నెమ్మదిగా వదిలినా ఎలుకలు ఆ వాయువును తప్పించుకోజూస్తాయి కనుక, ఇదైనా మేలైన పద్ధతేనా అన్న వాదం శాస్త్రజ్ఞులలో ఉన్నది. ఇది వంటసోడా, వెనిగరు కలిపి వంటింట్లో చేసే పని కాదు. తెలిసినవారు చంపి, గడ్డకట్టించి అమ్మేవి కొనడం మేలు. అయితే ఎలా చంపారో అడగాలి. డబ్బిస్తే చూడకుండా ఉండే సౌకర్యం దొరుకుతుందే గాని బాధ్యత తీరదు.

జంతువును కోసేవాడు కత్తి పదునుగా ఉంచుకోవాలని, దాని కళ్ళెదుట కత్తి నూరరాదని ఇస్లాం బోధిస్తుంది. చంపడానికి అనుమతి ఉన్నంత మాత్రాన బాధపెట్టడానికి అనుమతి లేదన్నమాట. మన భారతంలో శిబి చక్రవర్తి శరణన్న పావురాన్ని కాపాడబోతే, డేగ తన ఆకలి సంగతేమిటని నిలదీసింది. శిబి డేగను పాపి అనలేదు, పావురాన్నీ వదులుకోలేదు. ఆ రెండింటి మధ్యనున్న భారాన్ని తన ఒంటిమీద వేసుకున్నాడు. మనల్ని తొడ కోసి ఇమ్మని ఎవరూ అడగడం లేదు. కాస్త శ్రమ, కాస్త ఖర్చు, ఏం చేస్తున్నామో ఎరిగి చేయడం, ఇంతే.

మాంసం వండని ఇంట పెరుగు గిన్నె పక్కన ఎలుక ఎలా పెట్టమంటారని ఇల్లాలు అడిగితే, అది శుచికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. పాము కావాలనే పిల్లవాడికి ముందుగా ఆ 520 లెక్క చెప్పండి. వాటిలో ప్రతి ఒక్కదానికీ బాధలేని చావు దొరికేలా చూసే ఓపిక ఇంట్లో ఎవరికుందో అందరూ కలిసి ఆలోచించండి. ఎవరికీ లేకపోతే పామును సంతలోనే చూసి రావడం మంచిది.