శ్రేణి, ధర, కాయక ధర్మము

గోదావరిఖని గనులలో బొగ్గు నల్లగానే ఉండును. దానితో కలిసివచ్చు రాయియు నల్లగానే ఉండును. భేదమును చెప్పునది పొయ్యిలో మిగిలిన బూడిద. అప్పటికి ధర చెల్లించుట ముగిసియుండును.

2000 సంవత్సరపు ఉత్తర్వుతో బొగ్గు ధర నిర్ణయించు అధికారమును కేంద్రము వదలుకొన్నది. నాటినుండి ధర చెప్పువాడు అమ్మువాడే. 2012 నుండి బొగ్గును దాని వేడిమినిబట్టి 17 శ్రేణులుగా విభజించుచున్నారు. కిలోకు 4301 నుండి 4600 కిలోకేలరీల వరకు జి-10. 4300 అయినచో జి-11. శ్రేణినిబట్టియే ధర గనుక 4301కిని 4600కిని ఒకటే వెల. ఒక్క కిలోకేలరీ తగ్గినచో వెల దిగును. కొనువాడు అంకెను చూడక శ్రేణి పేరునే చూచునప్పుడు, నాణ్యతను అంచుకు మించి పెంచవలసిన అవసరము అమ్మువానికి లేదు.

ఒంటి వర్తకుడు నాణ్యతను ఖర్చు కొరకే తగ్గించునని తలచుట పొరపాటు. పరాసు దేశపు ఇంజినీరు డ్యుపుయి 1849లోనే ఈ మర్మమును చెప్పెను. మూడవ తరగతి రైలు పెట్టెకు పైకప్పు వేయకపోవుట పొదుపు కొరకు కాదు. రెండవ తరగతి రుసుము ఇయ్యగలవాడు దిగువకు రాకుండ భయపెట్టుటకు. పేదవాని తల తడిసినది మరియొకని సంచి కొరకు!

"కొనువాని అజ్ఞానము అమ్మువాని పాపమా?" అని కొందరందురు. పది అంగళ్లున్న వీధిలో ఈ వాదమునకు కొంత బలమున్నది. మోసపోయినవాడు మరునాడు పక్క అంగడికి పోవును. ఒకే వాకిలి ఉన్నచోట ఆ దిద్దుబాటు లేదు. 2600 మెగావాట్ల రామగుండము ఎన్.టి.పి.సి. వంటి కేంద్రము నమూనా తీయించి పరీక్షింపజేయగలదు. ఇటుకబట్టీ పెట్టుకొన్నవానికి శ్రేణి పేరే ప్రమాణము. అమ్మువాని బాధ్యత వీనియెడలనే అధికము.

కల్యాణములో ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుచుండెను. ఒకనాడు అలవాటుకు మించి తెచ్చెను. అడుగువాడు లేడు, దొంగతనమును కాదు. అయినను భార్య లక్కమ్మ అది తమది కాదని తిరిగి పంపెను.

చిన్న కొనుగోలుదారునికి కొలిచిన కిలోకేలరీల అంకెను, బూడిద పాలును అతనికి తెలియు మాటలలో చెప్పినచో, కొందరు చౌక శ్రేణికి మారుదురు. రాబడి కొంత తగ్గవచ్చును. సింగరేణి లాభములలో కార్మికులకు వాటా ఉన్నది. తగ్గుదల ఆ ఇండ్లలోనికిని వచ్చును. లక్కమ్మ ప్రశ్న అధికారుల బల్లవద్ద ఆగక ఆ వంటయిండ్లలోను అడుగవలసినదే. అక్కడ దానికి సమాధానము చెప్పుట మరింత కష్టము.