రామప్పకు పోయొచ్చే ఖర్చు

మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడుకోవడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అంటుంది రాజ్యాంగంలోని 51ఎ అధికరణం. జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాల రక్షణను 49వ అధికరణం ప్రభుత్వం మీద పెట్టింది. రెండూ కాపాడటం గురించే. పోయి చూసే హక్కు గురించి రెండింట్లోనూ ఒక్క మాట లేదు. చూసే వీలు లేనిదాన్ని గౌరవించమని ఒక మనిషిని అడగొచ్చా?

కేసముద్రం నుంచి లెక్కేద్దాం. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి 2021లో యునెస్కో జాబితాకెక్కింది. మ్యాపులో మాకు మరీ దూరమేం కాదు. కానీ రైల్లో వరంగల్, అక్కణ్ణుంచి హనుమకొండ, ములుగు బస్సు, ఆ తర్వాత పాలంపేటకు ఏది దొరికితే అది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. (ఆ పథకం మీద జోకులేసినవాళ్లలో చాలామంది బస్సెక్కని వాళ్లేనని నా అనుమానం.) టికెట్ పోయింది గానీ ఖర్చు పోలేదు. మిరపకాయ ఏరే రోజుల్లో ఒక పూట ఊరు దాటితే ఆ రోజు కూలి పోయినట్టే.

కూలికి పోయే ఒక పెద్దమ్మను "రామప్పకు పోదామా" అని అడిగితే, "ఆడ మనకేం మొక్కున్నది బిడ్డా?" అన్నది. తెలియక అన్న మాట కాదది. కూలి పోగొట్టుకునేంత పని అక్కడేముందో చెప్పమంటోంది.

అదే మనిషి మేడారం జాతర తప్పదు. నాలుగిళ్లవాళ్లు కలిసి బండి మాట్లాడుకుంటరు. బియ్యం, గిన్నెలు, కోడి వెంట వస్తయి. చెట్టు కిందే వంట, అక్కడే పడక. ప్రభుత్వం కూడా ఊరూరికీ బస్సులు వేస్తుంది, నల్లాలు బిగిస్తుంది, మరుగుదొడ్లు కడుతుంది. అంటే డబ్బు లేని జనాన్ని తక్కువ ఖర్చుతో తీసుకుపోయి తీసుకురావడం ఇటు జనానికీ తెలుసు, అటు ప్రభుత్వానికీ తెలుసు. వారసత్వం అనే మాట రాగానే మాత్రం ఆ తెలివంతా ఏమైపోతుందో! కారులో వచ్చి, రూము తీసుకుని, ఫొటోలు దిగేవాళ్లే కళ్ల ముందు కనబడతారు.

ఇక మెట్లు. గుడి దాదాపు మనిషెత్తు పీఠం మీద ఉంటుంది. మదనికల కింద నిలబడి తలెత్తి చూడాలంటే పైకెక్కాలి. మోకాళ్లు అరిగినవాళ్ల సంగతేంటి? పాత కట్టడాల దగ్గర ర్యాంపు మాటెత్తితే చాలు, రాయికి హాని అంటారు. ఆ భయం ఉత్తదేం కాదు. కానీ వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయీ విప్పి, మళ్లీ పేర్చి, 2024 మార్చిలో తెరిచారు. రాయి కోసం అన్నేళ్లు ఓపిక పట్టినవాళ్లు, ఒక్క మేకు దిగకుండా ఆనించి తీసేసే చెక్క ర్యాంపు గురించి ఆలోచించలేరా?

అందరికీ శిల్పాల మీద ఆసక్తి ఉంటుందా అని అడుగుతారు. ఉండకపోవచ్చు. పెద్దమ్మ చూసి "గింతేనా" అనొచ్చు కూడా. అట్లా అనాలన్నా ముందు పోవాలి కదా. నేనైతే ఏరుడు పనులు లేని నెలల్లో, మార్కెట్ యార్డుకు సెలవున్న రోజు, కేసముద్రం నుంచి నేరుగా పాలంపేటకు ఒక్క బస్సు అడుగుతా. పొద్దుగూకే లోపు ఇల్లు చేర్చాలి. సద్ది ఎవరిది వాళ్లు కట్టుకొస్తరు.