పైమెట్టు

బతుకమ్మకు ముందు వారం. రెంజల్ నుంచి బయల్దేరి, బోధన్, బాన్సువాడ, ఎల్లారెడ్డి మీదుగా నేనూ నా స్నేహితురాలూ లింగంపేట వెళ్ళాం. ఒకప్పుడు మా నిజామాబాద్ జిల్లా ఊరే, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. అక్కడి నాగన్న బావి చూడాలని నాకెప్పటినుంచో కోరిక. ఈమధ్య ఏళ్ళలో ఆ దిగుడు బావిని బాగుచేశారు కూడా.

దూరంనుంచి ఏమీ కనపడదు. దగ్గరకెళ్తే కాళ్ళముందే నేల లోతుకి దిగిపోయి, రాతిమెట్లు. ఎంత శుభ్రం చేసినా వానలు పడ్డాక రాళ్ళ సందుల్ని గడ్డి వదలదు. గడ్డిచామంతులు, ఒకటీ అరా గునుగు. దిగేకొద్దీ గాలి చల్లబడింది. "రావే, పూలెంత బాగున్నాయో" అని కేకేశాను.

తను పైమెట్టు మీదే కూచుంది. "నువ్వు చూడు. నేనీడ్నే ఉంట" అంది.

మోకాళ్ళ నొప్పేమో అనుకున్నాను. తిరుగు బస్సులో చెప్పింది. ఈ బావి సంగతి తనకు తెలీదు. కానీ ఏ దిగుడు బావి చూసినా వాళ్ళ అమ్మమ్మ గుర్తొస్తుందట. వాళ్ళ ఊరి బావిలో ఆమె ఏనాడూ ఒక్క మెట్టు దిగలేదు. మాదిగవాడ ఆడవాళ్ళు కడవలు పెట్టుకుని గట్టున నిలబడాలి. నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు ఎవరైనా దయతలిచి, తగలకుండా పైనుంచి పోస్తే నీళ్ళు. లేదంటే ఎండలో ఎదురుచూపు.

అలా పోసిన చేతుల్లో మా నాయనమ్మవీ ఉంటాయి, ఊరు వేరైతేనేం. "పాపం, నేనెప్పుడూ లేదనకుండా పోసేదాన్ని" అని గొప్పగా చెప్పేది. మేమూ గొప్పగా వినేవాళ్ళం. ఆమె కష్టం అబద్ధం కాదు. తెల్లారకముందే అన్ని మెట్లు, తలమీద బిందె, కడుపులో బిడ్డ. నీళ్ళ చాకిరీ గురించి రాసినప్పుడల్లా నేను ఆమెనే తలుచుకుని "ఆడవాళ్ళు" అని బహువచనంలో రాశాను. గట్టుమీద నిలబడ్డ మనిషి ఆ బహువచనంలో ఎక్కడుందో చూసుకోలేదు.

1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్ళు తాగారు. మన రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపెట్టి మరీ చెప్పింది, కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని. చట్టం మెట్లు తెరిచింది. మనసులు తెరుచుకునేలోపే చాలా బావులు వాడకంలోంచి పోయాయి. దానికి నారికురుపు ఒక కారణం. ఆ పుండున్న కాలు నీళ్ళలో పెడితే పురుగు పిల్లలు నీళ్ళలో చేరతాయి. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు జబ్బు. అందుకే 1980లలో మొదలైన నిర్మూలన కార్యక్రమంలో దిగుడు బావుల వాడకం మాన్పించారు. 2000లో దేశానికి ఆ జబ్బు పీడ వదిలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మైల అని గట్టుమీద ఆపిన కాళ్ళు ఆ నీళ్ళను చెడగొట్టలేదు. దిగే హక్కున్న కాళ్ళే చెడగొట్టాయి.

నీళ్ళకోసం దిగేవాళ్ళు లేకుండా పోయాకే మెట్లమీద ఈ పూలు. వాటిని చూసి సంతోషపడటం తప్పా? తప్పని నేననుకోను. నేను కళ్ళు మూసుకుంటే ఆ అమ్మమ్మకు ఒక్క కడవ నీళ్ళు వెనక్కి రావు. కానీ నేను "రావే" అని పిలిచిన పిలుపులో, నా సంతోషం అందరి సంతోషమేనన్న ధీమా ఉంది. తప్పు అక్కడుంది. ఎందుకాగావని అడగాల్సింది. అడగకుండా మోకాళ్ళ నొప్పని సరిపెట్టుకున్నాను. నాకది సుఖంగా ఉంది కనక.

బాన్సువాడ దాటాక "మళ్ళీ వెళ్దామా?" అన్నాను, భయంగానే.

"పోదాం. ఈసారి నేను ముందు దిగుత. నువ్వు పైన కూసో. నేను పిలిచినప్పుడు రా" అంది.

సరేనన్నాను. ఎంతసేపు కూచోవాలో అడగలేదు.