శిబిరం నిద్రపోతున్న వేళ

కురుక్షేత్రం అన్నదమ్ముల యుద్ధం. అది ముగిసిన రాత్రి, కృపాచార్యులు వద్దన్నా వినకుండా అశ్వత్థామ శిబిరంలో దూరి, నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపేశాడు.

2025 ఏప్రిల్‌లో సుడాన్ అంతర్యుద్ధంలో జమ్‌జమ్ శిబిరంపై ఆర్‌ఎస్‌ఎఫ్ దళాలు దాడి చేశాయి. ఇళ్లు వదిలొచ్చిన లక్షలమంది తలదాచుకున్న చోటది. రీల్స్ మధ్యలో ఆ వార్త వస్తే నేనూ స్క్రోల్ చేసేశాను. "మనకెందుకులే" అని.

కానీ మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎందరో రంగూన్ రేవుకి కూలికెళ్లారు. 1930 మేలో అక్కడ తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. ఆ రోజు ప్రాణభయంతో పరిగెత్తింది మనవాళ్లే.

భాగవతంలో, బిడ్డల్ని పోగొట్టుకున్న ద్రౌపదే అశ్వత్థామను వదిలేయమంది. అతని తల్లి తనలా ఏడవకూడదని. అంత దుఃఖంలోనూ ఆమెకి ఇంకో తల్లి కనిపించింది. మరి మనకి?

ఈ ఆదివారం అరసవల్లి వెళ్తే, ఆ తల్లుల కోసమూ ఒక నమస్కారం పెట్టండి. జై సూర్యనారాయణ!