గురి దేనిమీద?

పాశ్చాత్య దేశములలో పిల్లలకొరకు ఒక ఆటవస్తువు అమ్ముచున్నారు. అదొక చిన్న పెట్టె. దానిని నేలమీద ఉంచి, దూరముగా నిలిచి రిమోటు మీట నొక్కినయెడల, అది తేలికైన బిళ్లలను గాలిలోనికి విసరును. పిల్లవాడు బొమ్మ తుపాకితో మెత్తని ఫోము తూటాలు పేల్చి వాటిని కొట్టవలెను. రక్తము లేదు, గాయము లేదు. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. ఎవరికిని నొప్పి కలిగింపని ఆట అంతమాత్రముచేత నిర్దోషమైనదగునా?

ఈ పెట్టె వంశావళిని కొంచెము చూడుము. నూటయేబది సంవత్సరముల క్రిందట ఇంగ్లండు, అమెరికా దేశములలో తుపాకి పందెగాండ్రు బ్రదికియున్న పావురములనే కాల్చెడివారు. పావురమును పెట్టెలో మూసి, మూతకు త్రాడు కట్టుదురు. తుపాకి పట్టినవాడు 'లాగు' అని కేకవేయగా మరియొకడు త్రాడు లాగును, పక్షి పైకెగురును, తుపాకి మ్రోగును. 1900లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో సహితము ఈ పందెము జరిగెను. గెలిచిన బెల్జియము దేశస్థుడు 21 పావురములను కూల్చెను. బ్రిటనులో 1921లో దీనిని చట్టముచే నిషేధించిరి.

అంతకు చాలకాలము ముందే కొందరు పావురమునకు బదులు గాజు గోళములను ఎగురవేసిరి. అయితే ఒక సంగతి గమనింపుము: కొన్ని గోళములలో ఈకలు నింపిరి! గోళము పగిలినప్పుడు ఈకలు రాలవలెనట. పక్షి తప్పించుకొన్నది గాని, పక్షి రాలుట చూడగోరిన కన్ను మారలేదు. 1880లో సిన్సినాటి నగరవాసియైన జార్జి లిగౌస్కీ మట్టి బిళ్లకు పేటెంటు పొందెను. నేటికిని దానిని 'మట్టి పావురము' అనియే పిలుచుచున్నారు. నేటికిని ఆటగాడు 'లాగు' అనియే కేకవేయును. పిల్లవాని రిమోటు మీట ఆ పాత త్రాటికి మనుమడే.

కనుక వస్తువు మెత్తనిదైనంత మాత్రమున మనస్సు మెత్తబడదు. అట్లని ఆ పెట్టెను నిందింపవలెనా? అక్కరలేదు. బొమ్మ తుపాకి చేతికి వచ్చిన పిల్లవాడు దేనికో ఒకదానికి గురిపెట్టక మానడు. గాలిలో బిళ్ల లేనియెడల ఎదుట తమ్ముని ముఖమున్నది. ఫోము తూటా మెత్తనిదే. అయినను అట్టి తూటాలు తగిలి కంటిలోపల రక్తస్రావమైన ముగ్గురిని గూర్చి 2017లో లండనులోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి వైద్యులు వ్రాసిరి. వారిలో ఇద్దరు పెద్దవారు, ఒకడు బాలుడు. ముఖమునకు బదులు ఎగురు బిళ్లను చూపుట మేలే గదా!

మన గ్రామములో ఉండేలు పట్టిన బాలుని తలంచుకొనుము. ఒకడు గోడమీది డబ్బాను కొట్టును. మరియొకడు కొమ్మమీది పిచ్చుకను కొట్టును. చేయి అదే, రాయి అదే, నేర్పు అదే. భేదమంతయు గురిలో ఉన్నది.

తలిదండ్రులారా, ఇట్టి ఆట ఇచ్చినప్పుడు బిడ్డకు మూడు సంగతులు నేర్పుడి. ప్రాణముగలదానివైపు తుపాకి త్రిప్పరాదు. ఎల్లప్పుడు తానే పేల్చక, మీట నొక్కు వంతుకూడ తీసికొనవలెను. ఇతరుని సంతోషముకొరకు బిళ్ల విసరువాడు ఓర్పు నేర్చుకొనును. ఆట ముగిసిన పిమ్మట పడినవాటిని వంగి ఏరుకొనవలెను. తాను కొట్టినది ఎక్కడ పడినదో వెదకి చూచువాడు, దూరమునుండి మీట నొక్కి మరచిపోవువాడు కాడు.

చదువరీ, బిడ్డ చేతిలో ఏమున్నదని మాత్రమే అడుగకుము. కన్ను దేనిమీద నిలిచినదో అడుగుము. పెద్దవారమైన మనము బొమ్మ తుపాకులు పట్టము. అయినను కోపము వచ్చినప్పుడు మన మాటను ఎవరి ముఖమునకు గురిపెట్టుచున్నామో బిడ్డలు చూచుచునే యున్నారు.