సరంగు ఆగుదామన్న రోజు: పాపం ఎవరి ఖాతాలో పడుతుంది?

మొన్నటి వీడియోలో గుహుడి గురించి చెప్పుకున్నాం కదా. రాముణ్ణి గంగ దాటించిన ఆ నిషాదరాజు భక్తి గురించి చాలాసేపు మాట్లాడాను. రికార్డింగ్ అయిపోయాక మాత్రం లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే పడవ నడిపే మనిషితో నేను స్వయంగా ఎలా ప్రవర్తించానో నాకు తెలుసు. కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

కార్తీకమాసంలో ఒక శనివారం, హైదరాబాద్ నుంచి పదకొండు మంది స్నేహితులం పాపికొండలు చూడ్డానికి వెళ్ళాం. గండిపోచమ్మ గుడి దగ్గర అమ్మవారికి దండం పెట్టుకుని బోటెక్కాం. పొద్దున అంతా బ్రహ్మాండంగా ఉంది. గోదావరి నిండుగా ఉంది, రెండువైపులా కొండలు, మైకులో పాటలు. పేరంటాలపల్లిలో దిగి శివుడికి దండం పెట్టుకుని, వెదురు బొమ్మలు బేరమాడి కొనుక్కున్నాం. తిరిగి బోటెక్కేసరికి పడమటి నుంచి మబ్బు పట్టింది. గాలి మొదలైంది.

సరంగుకి మా నాన్న వయసుంటుంది. ఆకాశం చూశాడు, నీళ్ళు చూశాడు. బోటు ఒడ్డునే కట్టేయించి, "గాలి తగ్గనివ్వండి బాబూ, అప్పుడెళ్దాం" అన్నాడు.

మాకు సాయంత్రం రాజమండ్రిలో రైలు ఉంది. అరగంట ఆగాం. తర్వాత ఒకడు "అన్నా, ఏం కాదులే, పోనీ" అన్నాడు. ఇంకొకడు "ఈ మాత్రం గాలికే భయపడితే ఎలా?" అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అప్పుడు నేను రంగంలోకి దిగాను. జేబులోంచి రెండు వేలు తీసి, పక్కకి పిలిచి, "ఇది మీకు. ఓనర్‌కి చెప్పక్కర్లేదు" అన్నా. ఆయన నోట్ల వంక చూడలేదు. "జాకెట్లు తీసేశారేంటండీ, వేసుకోండి" అన్నాడు. అంతే.

నాకు ఒళ్ళు మండింది. టికెట్లు బుక్ చేసినవాళ్ళకి ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నా. వాళ్ళు ఆయనకి ఫోన్ చేశారు. ఆయన అటువైపు మాటలన్నీ విని, "మీరొచ్చి నడపండి" అని పెట్టేశాడు. గంటంపావు తర్వాత గాలి తగ్గింది, బయల్దేరాం. రేవు చేరేసరికి చీకటి పడబోతోంది. రైలు పోయింది. ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని ఒక్క స్టార్ ఇచ్చి, "బోటు నడపడం రాని మనిషిని పెట్టారు" అని రివ్యూ రాశా.

నాలుగు రోజులకి వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "సార్, ఆయన్ని ఆ బోటు మీంచి తీసేశాం. మీ డబ్బు సగం వాపసు వేస్తాం. ఆ రివ్యూ కాస్త తీసెయ్యండి."

నా ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

గోదావరి మీద బోటు పని ఏడాది పొడుగునా ఉండదు. వరదల నెలల్లో ఆపేస్తారు. నీళ్ళు తగ్గాక వచ్చే శనాదివారాలు, కార్తీకమాసం, సంక్రాంతి సెలవులు, ఆ కాసిని రోజుల్లోనే సంపాదించుకోవాలి. అలాంటి కార్తీకంలో ఒక మనిషికి పని పోయింది. తప్పు చేసినందుకు కాదు, తప్పు చెయ్యనన్నందుకు.

మీకు గుర్తుండే ఉంటుంది, 2019 సెప్టెంబరు 15. గోదావరి వరద మీదుండగా కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయింది. నలభై మందికి పైగా పోయారు. ఆ బోటుని కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గానీ బయటికి లాగలేకపోయింది. అంతకు రెండేళ్ళ ముందు, 2017 నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారం, కృష్ణానదిలో పవిత్ర సంగమం దగ్గర ఇంకో బోటు బోల్తా పడింది. దానికి అసలు అనుమతే లేదు. ఇరవై మందికి పైగా చనిపోయారు. అలాంటివి జరిగినప్పుడల్లా మనం అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎవడు వదిలాడు ఆ బోటుని?" ఓనరా, సరంగా, అధికారులా? అడగాల్సిందే. కానీ "ఆగుదాం" అన్న సరంగు ఒకడు నా ఎదురుగా నిలబడితే నేనేం చేశాను? ఆయన నోరు నొక్కడానికి రెండు వేలు తీశాను.

పాపం లెక్క గురించి మనందరికీ తెలిసిన కథ ఒకటుంది. వాల్మీకి కాకముందు ఆయన దారి కాచి దోచుకునేవాడని, "నీ పాపంలో ఇంట్లోవాళ్ళు వాటా తీసుకుంటారేమో అడిగి రా" అని మహర్షులు పంపిస్తే, భార్యాబిడ్డలు "నువ్వు తెచ్చింది తింటాం గానీ పాపం నీదే" అన్నారని. చిన్నప్పుడు వాళ్ళు ఎంత స్వార్థపరులో అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే వాళ్ళ మాటలో న్యాయం ఉంది. వాళ్ళు తిండి అడిగారు, దోపిడీ అడగలేదు.

నేను అడిగాను. అదీ తేడా. మన పెద్దలు ఇంకో మాట కూడా చెప్పారు: చేసినవాడికి, చేయించినవాడికి, ప్రేరేపించినవాడికి, సరేనన్నవాడికి, నలుగురికీ పుణ్యపాపాల్లో సమాన వాటా అని. పుణ్యం దగ్గర మనం ఈ మాట భలే వాడతాం. అన్నదానానికి ఐదొందలు పంపి, వండింది మనం కాకపోయినా పుణ్యం వచ్చిందంటాం. మరి డబ్బు పంపితే పుణ్యం చేరేటప్పుడు, డబ్బు చూపిస్తే పాపం చేరదా? ఆ రోజు మా బోటులో నేను ప్రేరకుణ్ణి. పక్కన "ఔనౌను" అన్న నా స్నేహితులు ఆమోదించినవాళ్ళు.

"అయినా ఏమీ జరగలేదు కదరా" అన్నాడు ఒక ఫ్రెండ్, ఇదంతా చెప్తే. నిజమే, ఎవరికీ నీళ్ళలో ఏమీ కాలేదు. ఆయన నా మాట విని బయల్దేరినా బహుశా ఏమీ జరిగేది కాదేమో. రైలు దొరికేది, "చూశావా, అనవసరంగా భయపడ్డాడు" అనుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళం. అదే అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. గీత రెండో అధ్యాయం 47వ శ్లోకాన్ని మనం ఎక్కువగా ఓదార్పుకే వాడుకుంటాం. పరీక్ష పోయిందా, ఫలం నీ చేతిలో లేదులే అంటాం. దాన్ని తిప్పి కూడా చదవాలి కదా. ఫలం నా చేతిలో లేనప్పుడు, క్షేమంగా ఇల్లు చేరడం కూడా నా గొప్ప కాదు. మంచి ఫలితం వచ్చినంత మాత్రాన చేసిన తప్పు పని మంచిదైపోదు. వందసార్లు గాలిలో వెళ్ళి బతికొచ్చినవాడు వందసార్లు తప్పు చేశాడు, అంతే.

"రాసిపెట్టి ఉంటే ఎక్కడున్నా తప్పదు" అనేది ఇంకో వాదన. రైలు తప్పిపోతుందని గిలగిల్లాడిన మేం, దాన్ని మాత్రం రాతకి వదల్లేదు! ప్రాణం దగ్గరికి వచ్చేసరికి రాత, టికెట్ దగ్గరికి వచ్చేసరికి మన ప్రయత్నం. అమ్మవారికి దండం పెట్టుకున్నాం కాబట్టి జాకెట్ అక్కర్లేదనుకోవడం భక్తి కాదు, బద్ధకం. నా దండానికి ఆ తల్లి జవాబిచ్చే ఉంటుంది. ఆ జవాబు సరంగు నోట వచ్చింది. నేను గుర్తుపట్టలేదు.

ఇక గుహుడి దగ్గరికి వస్తాను. వీడియోలో నేను వదిలేసిన ఘట్టం ఒకటుంది. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో, రాముణ్ణి వెతుక్కుంటూ భరతుడు సైన్యంతో గంగ ఒడ్డుకి వస్తాడు. గుహుడికి అనుమానం వస్తుంది. ఐదు వందల పడవల్లో, పడవకి వంద మంది చొప్పున యువకుల్ని సిద్ధంగా ఉంచమంటాడు. భరతుడి మనసు రాముడి పట్ల మంచిదైతేనే ఈ సేన గంగ దాటుతుందంటాడు. భరతుణ్ణి కలిసి, మర్యాద చేసి, నీ ఉద్దేశం ఏమిటని మొహం మీదే అడుగుతాడు. ఒక పడవలవాడు, అయోధ్య రాకుమారుణ్ణి! భరతుడు కోప్పడలేదు. "నేనెవరో తెలుసా" అనలేదు. శాంతంగా జవాబు చెప్పాడు. ఆ జవాబు విన్నాకే పడవలు కదిలాయి.

రేవు దగ్గర పెద్దవాడు నదిని ఎరిగినవాడే. రాకుమారుడైనా అక్కడ అడిగినదానికి జవాబు చెప్పాలి, ఆగమంటే ఆగాలి. భరతుడి గొప్పతనం పాదుకలు మోయడంతో మొదలవలేదని నాకిప్పుడు అనిపిస్తుంది. ఆ ఒడ్డున ఒక పడవలవాడు నిలదీస్తే ఓర్చుకోవడంలోనే అది కనిపించింది. సంసారసాగరం దాటించే నావికుడివి నువ్వేనని భజనల్లో దేవుణ్ణి పిలుస్తాం. నిజం నావికుడు ఆగమంటే ఓనర్‌కి ఫోన్ చేస్తాం.

ఆ రివ్యూ తీసేశాను. వాళ్ళకి ఫోన్ చేసి, తప్పు నాదని, డబ్బిస్తానన్నది నేనేనని, ఆయన నిలబడినందుకే మేం ఈ రోజు మాట్లాడుతున్నామని చెప్పాను. సగం డబ్బు వద్దన్నాను. "చూస్తాం సార్" అన్నారు. రెండు వారాల తర్వాత మళ్ళీ చేస్తే, "ఆయన ఇప్పుడు ఇటు రావట్లేదండీ" అన్నారు. నంబర్ ఇవ్వలేదు. క్షమించమని ఆయన్ని అడిగే అవకాశం నాకు ఇంకా దొరకలేదు. ఈ వ్యాసం దానికి బదులు కాదు, నాకు తెలుసు.

కచ్చులూరు తర్వాత రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు. మంచిదే. కానీ నది మధ్యలో గాలి లేచినప్పుడు చివరి మాట సరంగుదే. ఆ మాట చెప్పడానికి ఆయన తన కూలీని పణంగా పెడుతున్నాడు. దాన్ని వినడానికి మనకయ్యే ఖర్చు ఒక రైలు టికెట్. బరువు ఎటు ఎక్కువుందో చూసుకోండి.

ఈసారి మీరు పాపికొండలు వెళ్తే తిరుగు ప్రయాణం టికెట్ మర్నాటికి పెట్టుకోండి. జాకెట్ దిగేదాకా తియ్యకండి. సెల్ఫీల కోసం అందరూ ఒకే పక్కకి చేరకండి. ఆయన "ఆగుదాం" అంటే, "మంచిదండీ, ఆగుదాం" అనండి. మీ వెనక ఎవరైనా గొణిగితే, వాళ్ళకి నా కథ చెప్పండి.

జై శ్రీరామ్.