న్యాయవిద్య ఎవరి కొరకు?

ఒక పట్టము పుచ్చుకొని, ఉద్యోగములో కుదురుకొనిన మనుష్యుడు మరల మూడేండ్లు న్యాయకళాశాల బల్లపై కూర్చుండుటకు సిద్ధపడినచో, ఇంటివారు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "దీనివలన ఏమి వచ్చును?" ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. కూడు పెట్టని చదువును పొగడుట కడుపు నిండినవారికి సులభము. అయినను ఆ ప్రశ్న ప్రక్కనే మరియొకటి నిలిచియున్నది. న్యాయశాస్త్రము చదివినవానికి వచ్చు ఫలము అతనికి మాత్రమే చెందవలెనా, ఇతరులకును చెందవలెనా? వైద్యుని విషయమున ఈ సందేహము అంతగా కలుగదు; అతని విద్య రోగి మేలుకొరకే పుట్టినది. చట్టమో, ఎరిగినవాని చేతిలో ఆయుధమగును, ఎరుగనివానికి భయకారణమగును. కనుక దానిని ఎందుకు చదువవలెనను ప్రశ్న జీవనోపాధితో ముగియక నీతివిచారమునకు దారితీయును.

హిందీలో చట్టమును "విధి" అందురు. న్యాయకళాశాల వారికి విధి మహావిద్యాలయము. తెలుగువాని చెవికి ఆ పేరు వింతగా వినబడును. మనకు విధి యనగా నుదుటి వ్రాత, లేదా నెరవేర్పవలసిన పని. నుదుటి వ్రాత యను అర్థము హిందీలోను లేకపోలేదు; కాని కచేరీలోను కళాశాలలోను ఆ మాటకు శాసనమనియే అర్థము. చట్టము తెలియని బీదవానికి ఈ రెండర్థములును ఒక్కటే. కోర్టు నోటీసు చేతికి వచ్చిన దినమున అది అతనికి విధివ్రాతవలెనే తోచును. ఎవరో వ్రాసినారు; తాను చదువలేడు, చెరుపలేడు. ఇది బ్రహ్మ వ్రాసినది కాదనియు, మనుష్యులే వ్రాసిరనియు, కనుక చదువవచ్చును, ప్రశ్నింపవచ్చును, మార్పింపవచ్చుననియు అతనికి తెలియజెప్పగలవాడు ఒకడు కావలెను. న్యాయవిద్య చేయగల మొదటి మేలు ఇదియే.

ఈ విషయమును పరిశీలించుటకు జంషెడ్‌పూర్ తగిన పట్టణము. 1907లో స్థాపింపబడిన టాటా ఉక్కు కంపెనీ, సువర్ణరేఖా ఖర్కాయి నదులు కలియు తావున, సాక్చీ అను పల్లెయొద్ద కర్మాగారమును నెలకొల్పెను. 1919లో ఆ ఊరికి జంసెట్‌జీ టాటా పేరు పెట్టబడెను. పనికొరకు నలుదెసలనుండి వచ్చినవారిలో తెలుగువారును కలరు. బిష్టుపూర్‌లో వారు కట్టుకొనిన రామమందిరము అందులకు సాక్షి. 1954లో అచట కోఆపరేటివ్ కళాశాల ఏర్పడెను. ఆ కళాశాలలోనే విజ్ఞానశాస్త్ర పట్టమును, పిదప న్యాయశాస్త్ర పట్టమును పొంది, ఉక్కు కంపెనీలో ఉద్యోగము చేసిన రఘువర్ దాస్ 2014 నుండి 2019 వరకు ఝార్ఖండ్ ముఖ్యమంత్రిగా ఉండెను. ఒక పట్టము, దానిపై న్యాయపట్టము, ప్రక్కనే కర్మాగారము: ఈ త్రోవ ఆ ఊరివారికి కొత్తది కాదు.

1961 నాటి అడ్వకేట్ల చట్టము క్రింద పట్టభద్రునికి మూడేండ్ల న్యాయవిద్య ఏర్పడినది. 1988లో బెంగుళూరి జాతీయ న్యాయవిద్యాలయము పండ్రెండవ తరగతి ముగించిన పిల్లలకు ఐదేండ్ల చదువు ప్రారంభించిన పిమ్మట, మూడేండ్ల త్రోవ ఆలస్యముగా మేల్కొన్నవారిదని చులకన చేయువారు బయలుదేరిరి. కాని ఆలస్యముగా వచ్చినవాడు వట్టిచేతులతో రాడు. కర్మాగారమును ఎరిగినవాడు ప్రమాదపరిహారమునకు సంబంధించిన సెక్షను చదువునపుడు, ఆ వాక్యము వెనుక నలిగిన చేయి అతని కంటికి కనబడును. పదునెనిమిదేండ్ల బాలునికి అదే వాక్యము పరీక్షలో రాబోవు ప్రశ్న మాత్రమే కావచ్చును.

అయితే ఇచట ఒక చిక్కు కలదు. పూర్తికాలపు జీతగాడు, ఆ కొలువులో ఉన్నంతకాలము, న్యాయవాదవృత్తి చేయరాదని బార్ కౌన్సిల్ నియమము. ఇరువురు యజమానులను కొలువరాదను నీతి దీనికి మూలము. కాబట్టి నెలజీతము విడిచి నల్లకోటు తొడుగుటకు సాహసింపని ఉద్యోగి చదివిన న్యాయశాస్త్రము గోడకు వ్రేలాడు పట్టముగనే మిగులునా? వృత్తి చేయనివానికి ఆ విద్య ఏమి నేర్పగలదో చూచినగాని దీనికి సమాధానము చెప్పలేము. ఆ ఊరి చరిత్రలోనే అందులకు రెండు పాఠములు కలవు.

మొదటిది దయకును హక్కునకును గల భేదము. ఉక్కు కంపెనీ 1912లోనే ఎనిమిది గంటల పనిదినమును అమలుపరచెను. 1920లో ప్రావిడెంట్ ఫండు ఏర్పరచెను. దేశమున వారమునకు 48 గంటల పరిమితి ఫ్యాక్టరీల చట్టమునకు 1946లో జరిగిన సవరణతో వచ్చినది. ప్రావిడెంట్ ఫండు చట్టము 1952లో వచ్చినది. యజమాని మంచితనము శాసనముకంటె ముప్పది యేండ్లు ముందు నడచెనన్నమాట. దీనిని చూపి, మంచి యజమాని ఉన్నచోట చట్టముతో పనియేమని వాదింపవచ్చును. ఈ వాదములో బలము లేకపోలేదు. కాని 1920లోను 1928లోను అదే పట్టణములో పెద్ద సమ్మెలు జరిగినవి. రెండవదానికి నాయకత్వము వహించిన మానెక్ హోమీ న్యాయవాది. దయ పొందినవాడు కృతజ్ఞుడై ఉండవలెను. హక్కు గలవాడు తల యెత్తి అడుగవచ్చును. దయకు ఇచ్చువాని మనస్సే కొలత. ఆ మనస్సు మారినచో చెప్పుకొనుటకు చోటు లేదు. అయినను దయను హీనపరచుట తగదు. మొదట ఎవరో ఒకరు దయతో చేసి చూపినదే పిదప అందరికి హక్కైనది. దయ త్రోవ తీయును, చట్టము ఆ త్రోవను మూసివేయకుండ కాపాడును. ఈ సంబంధమును గ్రహించిన ఉద్యోగి, కోర్టు మెట్లెక్కకున్నను, తోటివానికి రావలసిన సెలవును భిక్షవలె అడుగవలదని చెప్పగలడు.

రెండవ పాఠము భూమికి సంబంధించినది. బిర్సా ముండా తిరుగుబాటు అణగిన కొలది యేండ్లకు, 1908లో, ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టము వచ్చెను. దాని 46వ సెక్షను ఆదివాసి రైతుల భూమి అన్యుల చేతికి పోకుండ అడ్డుకట్ట వేసినది. కంపెనీ భూములకు ప్రభుత్వపు కౌలు ఆధారము. 2005లో కుదిరిన ఒప్పందమున ఆ కౌలు 1996 నుండి ముప్పది యేండ్లకు పొడిగింపబడినది. ఈ రెంటి నడుమ, ఎనుబదియారు బస్తీలని పేరుపడిన పేటలలో ఇండ్లు కట్టుకొన్న కుటుంబములు తమకు యాజమాన్యపు హక్కు కావలెనని చిరకాలముగా కోరుచు వచ్చినవి. ఆదివాసి తాతల భూమి అనును. కంపెనీ కౌలుపత్రము చూపును. బస్తీవాసి తన చెమటతో లేచిన గోడను చూపును. ఏ ఒక్కరి మాట విన్నను, న్యాయము ఆ పక్షముననే ఉన్నట్లు తోచును. న్యాయశాస్త్రము మనుష్యునికి పెట్టు కఠినమైన అభ్యాసము ఇదియే: తనకు గిట్టని పక్షమును గూడ తుదివరకు వినుట. బస్తీలో పుట్టిన విద్యార్థి కౌలుపత్రమును నిదానముగా చదువవలెను. కంపెనీ ఇంటిలో పెరిగినవాడు 46వ సెక్షను వెనుకనున్న దుఃఖమును చదువవలెను.

ఈ విద్యకు అపాయమును లేకపోలేదు. కన్యాశుల్కములో రామప్పపంతులును సౌజన్యారావు పంతులును ఇరువురును కోర్టు వ్యవహారములు ఎరిగినవారే. ఎరుక సమానమైనంత మాత్రమున నడత సమానము కాదు. నడతకు పరీక్ష కళాశాలలోనే ఆరంభమగును. బార్ కౌన్సిల్ 2008 నియమావళి న్యాయవిద్యార్థికి నూటికి డెబ్బది వంతుల హాజరు నిర్దేశించినది. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవానికి అది భారమే. ఆ నియమము శ్రామికునికి కఠినమని బహిరంగముగా వాదించుట ఒక పద్ధతి. తాను రాని దినమున వచ్చినట్లు వ్రాయించుకొనుట మరియొక పద్ధతి. మొదటిది న్యాయవాది పని. రెండవదానితో అతడు వకాలత్‌నామా పుచ్చుకొనక పూర్వమే తన మొదటి దావాను తనయెదుటనే ఓడిపోవును. అలసిన మనుష్యునిపట్ల సానుభూతి చూపవలసినదే. ఆ సానుభూతి నియమమును సవరించుటకు వినియోగపడవలెను గాని, అబద్ధమును కప్పిపుచ్చుటకు వినియోగపడరాదు.

కనుక ఇంటివారి ప్రశ్నకు పట్టభద్రుడు వెరవక సమాధానము చెప్పవచ్చును. వృత్తి చేసినచో జీవనము వచ్చును; చేయనిచో, ఇరుగుపొరుగువారు తమకు వచ్చిన కాగితమును భయపడక తెచ్చి చూపుటకు ఒక ఇల్లు ఏర్పడును. ఆ కాగితమును వారికి అర్థమగు భాషలో చదివి వినిపించి, వారి తప్పున్నచో తప్పనియు, హక్కున్నచో హక్కనియు చెప్పగలిగినచో, మూడేండ్ల శ్రమకు అది చాలిన ఫలము.